వీసా అసలుదే, కానీ పనికి కాదు: ఒక దుబాయ్ దరఖాస్తు కేసు

ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవారికి పత్రాల విషయంలో సలహా ఇవ్వడం నా పని. మా దగ్గరకు వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం మనిషి అక్కడికి చేరి ఇరుక్కున్న తర్వాతవే. ఇది మాత్రం విమానం ఎక్కకముందే వచ్చిన కేసు. ఇందులో ఎవరూ నకిలీ వీసా ఇవ్వలేదు, ఎవరూ దొంగ ముద్ర వేయలేదు. చేతిలో ఉన్న వీసా అసలైనదే అయినా మనిషి చిక్కుల్లో పడబోయాడు. ఈ రకం కేసు గురించి రాసినవి తక్కువ కనుక దీన్ని వివరంగా రాస్తున్నాను. సంబంధిత వ్యక్తి అనుమతి తీసుకున్నాను. ఊరు, కంపెనీ, ఏజెంటు వివరాలు తీసేశాను, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. డబ్బు లెక్కలు, పత్రాల వరుస మాత్రం జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

ఆయన ముప్పైల్లో ఉన్న మనిషి. ఎనిమిదో తరగతి వరకు చదివాడు. గతంలో రెండు విడతలుగా, మొత్తం నాలుగేళ్లకు పైగా, సౌదీలో కట్టడాల దగ్గర రాడ్ బెండింగ్ పని చేశాడు. రెండో కాంట్రాక్టు ముగిశాక తిరిగి వచ్చి, ఊరి చుట్టుపక్కల సెంట్రింగ్ పనులకు వెళుతున్నాడు. ఇల్లు కట్టినప్పుడు చేసిన లక్షా యాభై వేల అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద అలాగే ఉంది, అంటే నెలకు మూడు వేలు వడ్డీకే పోతున్నాయి. పని నెలంతా దొరకడం లేదు. మళ్లీ గల్ఫ్ వెళ్లాలన్న నిర్ణయం ఆయనకు, ఆయన భార్యకు ఇద్దరికీ ఇష్టమైనదే. దాన్ని మార్చే ప్రయత్నం నేను చేయలేదు, అది నా పని కూడా కాదు.

ఆయన పాస్‌పోర్టు ఈసీఆర్ పాస్‌పోర్టు. ఈసీఆర్ అంటే వలస తనిఖీ తప్పనిసరి అని. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివారు 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ 18 దేశాల్లో యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ ఆరూ ఉన్నాయి. 2014 నుంచి ఈ వ్యవహారం ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నడుస్తోంది. విదేశీ యజమాని అందులో నమోదు కావాలి, ఎంతమంది కావాలో, ఏ పనికో, ఎంత జీతానికో చూపాలి, లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు ద్వారా గానీ నేరుగా గానీ మనిషిని తీసుకోవాలి. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంటు అనే మనిషికి ఈ చట్టంలో చోటే లేదు. అయినా మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది చూసిన ఏకైక ఏజెంటు ఆయనే.

వచ్చిన సమస్య

2024 చివరి నెలల్లో ఆయన రెండు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఒకటి యూఏఈ ప్రవేశ అనుమతి ప్రింటు, రెండోది ఒక కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ఉత్తరం. ఆయన అడిగింది ఒకే ప్రశ్న. "గీ వీసా ఒరిజినలేనా సారూ, జర చూడుర్రి."

ఏజెంటుతో మొత్తం ఒప్పందం లక్షా పది వేలు. అందులో నలభై వేలు అడ్వాన్సు ఇచ్చేశాడు. ముప్పై వేలు ఫోన్‌పే ద్వారా, ఏజెంటు బంధువు నంబరుకు పంపాడు. పది వేలు చేతికి ఇచ్చాడు. ఆ నలభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. విమానం పది రోజుల్లో ఉందని, మిగతా డబ్బు ఎక్కే ముందు ఇవ్వాలని ఏజెంటు చెప్పాడు. పని స్టీల్ ఫిక్సర్, అంటే కట్టడాల్లో ఇనుప కడ్డీలు కట్టే పని, జీతం 1,500 దిర్హమ్‌లు, తిండి కంపెనీదే అన్నది నోటిమాట.

వీసాను సరిచూడడం నిమిషాల పని. ప్రవేశ అనుమతి మీది ఫైలు నంబరు 201తో మొదలైంది, అంటే దుబాయ్ జారీ చేసినది. దుబాయ్ వీసాలను అక్కడి వలస శాఖ జీడీఆర్ఎఫ్ఏ సైటులో, అబూధాబీ వంటి మిగతా ఎమిరేట్లవాటిని యూఏఈ కేంద్ర సంస్థ ఐసీపీ సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. చూశాం. పత్రం అసలైనదే, చెల్లుబాటులో ఉంది. కానీ అది 60 రోజుల పర్యాటక వీసా.

ఇక్కడ నేను ఆగాల్సి వచ్చింది. ఆయన అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్తే "అవును, ఒరిజినలే" అనాలి. ఆ ఒక్క మాట వింటే ఆయన లేచి వెళ్లిపోయి మిగతా డెబ్భై వేలు కట్టేస్తాడు. కొన్నేళ్ల క్రితం నకిలీ వీసాలతో మోసపోయిన ఊళ్లు నేర్చుకున్న జాగ్రత్త ఇది. ఏజెంట్లకు ఆ జాగ్రత్త తెలిసిపోయింది కాబట్టే ఇప్పుడు అసలైన వీసానే ఇస్తున్నారు, కాకపోతే వేరే అవసరానికి ఇచ్చే వీసాను. అందుకే జవాబు చెప్పకుండా ఆయన్ని నేను మూడు ప్రశ్నలు అడిగాను. నిన్ను రమ్మని పిలిచింది ఎవరని ఈ కాగితం మీద ఉంది? ఏ పనికని ఉంది? జీతం ఇవ్వకపోతే ఈ కాగితం పట్టుకుని ఏ ఆఫీసుకు పోతావు? మొదటి దానికి ఒక ట్రావెల్స్ పేరు కనిపించింది. మిగతా రెండింటికీ ఏమీ కనిపించలేదు. ఆయన చాలాసేపు ఆ కాగితాన్ని చూస్తూ ఉండిపోయాడు.

రెండో కాగితం, ఆ ఉత్తరం, మరింత సూటిగా చెప్పింది. యూఏఈలో ప్రైవేటు కంపెనీ విదేశీ కార్మికుణ్ణి తీసుకోవాలంటే అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ, అందరూ మోహ్రే అని పిలిచేది, నిర్ణయించిన నమూనాలోనే ఆఫర్ లెటర్ ఇవ్వాలి. ఈ నిబంధన 2015 నాటి ఉత్తర్వుతో వచ్చి 2016 నుంచి అమలులో ఉంది. ఆ ఆఫర్‌కు ఒక లావాదేవీ నంబరు ఉంటుంది. కార్మికుడు సంతకం పెట్టిన ఆ ఆఫరే తర్వాత కాంట్రాక్టు అవుతుంది, జీతం అంతకంటే తగ్గించి కాంట్రాక్టు రాయడానికి వీల్లేదు. మన దగ్గరున్న ఉత్తరంలో నంబరు లేదు, బేసిక్ జీతం ఎంతో లేదు, కింద సంతకం చేసిన వ్యక్తి పేరు కూడా లేదు. పని "హెల్పర్" అని రాసి ఉంది.

"అక్కడ మారుస్తారు" అన్న మాట

ఏజెంటు వాదన ఫోన్లో నేనే విన్నాను. విజిట్ మీద పోతాడు, కంపెనీ అక్కడే వర్క్ వీసాగా మారుస్తుంది, అందరూ ఇట్లనే పోతున్నారు. దీన్ని పూర్తి అబద్ధమని కొట్టిపారేయడం తేలిక, కానీ అలా చెప్పడం తప్పు, అందులో సగం నిజం ఉంది. యూఏఈలో దేశం లోపలే ఉండి విజిట్ స్థితి నుంచి ఉద్యోగ స్థితికి మారే పద్ధతి ఉంది. అలా మారి స్థిరపడినవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు. సలహా ఇచ్చేవాడు "అది జరగదు" అంటే, జరిగినవాళ్ల పేర్లు చెప్పి ఎదురు మాట్లాడతారు, ఆ తర్వాత మనం చెప్పే మాట ఏదీ నమ్మరు.

కాబట్టి నేను వాదనను మరోచోటికి తీసుకెళ్లాను. మార్చడం కుదురుతుందా అన్నది కాదు, మార్చాలా వద్దా అన్నది ఎవరి చేతిలో ఉందన్నది అసలు విషయం. 60 రోజుల్లో కంపెనీ వర్క్ పర్మిట్ తీయకపోతే, లేదా తీసి జీతం 800 అంటే, ఈయన చేయగలిగింది ఏమీ లేదు. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా పడుతుంది. నెలకు అది 1,500, ఏజెంటు చెప్పిన జీతమంత. ఈలోగా పని చేస్తే అది చట్టవిరుద్ధమైన పని, జీతం ఎగ్గొట్టినా కార్మిక శాఖలో చూపడానికి కాంట్రాక్టు ఉండదు. మన గల్ఫ్ కార్మికులు కల్లివెల్లి అని పిలిచే, చెల్లే పత్రాలు లేకుండా చాటుగా బతకాల్సిన స్థితికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. పర్మిట్ లేనివారిని పనిలో పెట్టుకునే యజమానులకు జరిమానాను 2024 ఆగస్టులో కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హమ్‌ల దాకా పెంచారు. ఏజెంటు దీన్ని తలకిందులు చేసి, "కంపెనీకే భయం, కాబట్టి తప్పకుండా మారుస్తుంది" అన్నాడు. భయపడే కంపెనీ మనిషి రాకముందే పర్మిట్ తీస్తుంది. ఈ కంపెనీ ఎందుకు తీయలేదు అన్న ప్రశ్నకు ఏజెంటు దగ్గర నుంచి జవాబు రాలేదు.

ఇంకో మాట కూడా చెప్పాడు. అప్పుడు యూఏఈలో క్షమాభిక్ష నడుస్తోంది, ఎవరూ పట్టుకోరని. ఆ క్షమాభిక్ష 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు నడిచింది నిజమే, కానీ అది అప్పటికే అక్కడ గడువు దాటి ఉన్నవారి కోసం. సెప్టెంబరు 1 తర్వాత కొత్తగా నిబంధన తప్పినవారికి వర్తించదు. క్షమాభిక్ష వార్త వచ్చినప్పుడల్లా ఊళ్లలో ఈ గందరగోళం పుడుతుంది, కొందరు దాన్ని వాడుకుంటారు.

మొదటి నిర్ణయం: ప్రయాణం కాదు, వడ్డీ

ఆయనకు విషయం అర్థమైంది. అయినా వెళ్లాలనే అన్నాడు. కారణం అడిగితే లెక్క చెప్పాడు. పాత అప్పుకు నెలకు మూడు వేలు, కొత్త నలభై వేలకు నెలకు పన్నెండు వందలు. ఆగిన ప్రతి నెలా నాలుగు వేల రెండు వందలు ఖర్చు. ఈ లెక్క ముందు నా చట్టం, నా జాగ్రత్తలు అన్నీ తేలిపోయాయి. నాకు ఈ పనిలో పదేపదే కనిపించే విషయం ఇది. తప్పు కాగితం మీద మనిషి సంతకం పెట్టేది తెలియక కాదు, ఆగలేక. ఆగడానికి వీలు కల్పించకుండా ఇచ్చే సలహా వినడానికి మాత్రమే బాగుంటుంది.

కాబట్టి వీసా సంగతి పక్కన పెట్టి ముందు ఆ మూడు రూపాయల వడ్డీని చూశాం. భార్య ఐకేపీ మహిళా సంఘంలో సభ్యురాలు. సంఘం లోను రూపాయి వడ్డీకి దొరుకుతుంది. ఆమె ఆ వారమే సంఘంలో అడిగి నలభై వేలు తీసుకుంది. వడ్డీ పన్నెండు వందల నుంచి నాలుగు వందలకు దిగింది. ఎనిమిది వందల తేడా పెద్ద మొత్తంగా కనిపించకపోవచ్చు. కానీ ఆ తర్వాతే ఆయన "పది రోజుల్లో పోవాలె" అనడం మానేశాడు.

పని చేయని ప్రయత్నాలు

మొదట అదే కంపెనీ నుంచి, ఇక్కడ ఉండగానే, ఉద్యోగ ప్రవేశ అనుమతి తెప్పించమని ఏజెంటును అడిగించాను. కంపెనీకి నిజంగా మనిషి అవసరమైతే ఈ కోరిక తీర్చడం కష్టం కాదు, తీర్చకపోతే అవసరం లేదని తేలుతుంది. ఏ జవాబు వచ్చినా మనకు పనికొచ్చే ప్రశ్న కాబట్టి అడగడంలో నష్టం లేదు. రెండు వారాల తర్వాత ఏజెంటు మరో ఉత్తరం పంపాడు. లెటర్‌హెడ్ మారింది, కంపెనీ పేరు మారింది, జీతం 1,500 అలాగే ఉంది. అక్కడితో ఆ దారి మూసేశాం.

రెండోది పాస్‌పోర్టు మార్పిడి. దీని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఈసీఆర్ ముద్ర వల్లనే ఇన్ని ఇబ్బందులు, అది లేకపోతే నేరుగా ఎక్కేయవచ్చు అన్నది ఆయన తమ్ముడి వాదన. ఏజెంటు ఇంకో అడుగు ముందుకేసి పదో తరగతి మెమో "ఏర్పాటు" చేస్తానన్నాడు. అది చర్చించాల్సిన విషయమే కాదు, తప్పుడు పత్రంతో పాస్‌పోర్టు తీసుకోవడం నేరం. దొరికితే పాస్‌పోర్టు పోతుంది, కేసు మిగులుతుంది. అయితే చట్టబద్ధమైన దారి కూడా ఒకటి ఉంది, అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. విదేశాల్లో మొత్తం మూడేళ్లకు పైగా ఉన్నవారు, అది ఒకేసారైనా విడతలుగానైనా సరే, చదువుతో సంబంధం లేకుండా నాన్ ఈసీఆర్, అంటే ఆ తనిఖీ లేని పాస్‌పోర్టు, కోరవచ్చు. ఈయనకు నాలుగేళ్లకు పైగా ఉంది, పాత పాస్‌పోర్టులో ముద్రలన్నీ ఉన్నాయి. అడిగితే వచ్చేది.

నేను వద్దన్నాను. హక్కు ఉన్నప్పుడు వాడుకోవద్దని చెప్పడం తేలిక కాదు, అందుకే కారణాలు ఆయన ముందు, ఆయన తమ్ముడి ముందు విడివిడిగా పెట్టాను. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్లేటప్పుడు యజమాని ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉండాలి, పని, జీతం ఒక ప్రభుత్వ రికార్డులో ఎక్కాలి, ఆ జీతం మన ప్రభుత్వం నిర్ణయించిన కనీస రిఫరల్ వేతనానికి తగ్గకూడదు, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పనిసరిగా ఉండాలి. నాన్ ఈసీఆర్ అయితే ఇవేవీ తప్పనిసరి కాదు. విమానాశ్రయంలో అడిగేవాళ్లు ఉండరు, రేపు జీతం ఆగినప్పుడు చూపే రికార్డూ ఉండదు. చదువుకుని ఆఫీసు ఉద్యోగానికి వెళ్లే మనిషికి ఈ తనిఖీ అనవసరమైన ఆటంకమే కావచ్చు. కట్టడం పనికి, ఎవరో తెలియని కంపెనీకి వెళ్లే మనిషికి మాత్రం ఇది చేనుకు వేసిన కంచె లాంటిది. ఇక్కడ తమ్ముడు అడిగిన ఎదురు ప్రశ్న సమంజసమైనదే: కంచె అంత మంచిదైతే అందరూ దాని పక్క నుంచి ఎందుకు పోతున్నారు? కంచె గుండా పోవడానికి నెలలు పడుతుంది, పక్క నుంచి పోవడానికి పది రోజులు చాలు. ఆ తేడాను వడ్డీ వ్యాపారి, ఏజెంటు ఇద్దరూ సొమ్ము చేసుకుంటున్నారు. నేను చెప్పగలిగిన జవాబు అదే. ఆయన చివరికి ఈసీఆర్ ఉంచుకోవడానికే ఒప్పుకున్నాడు. నాన్ ఈసీఆర్ హక్కు ఎక్కడికీ పోదు, తర్వాతైనా అడగవచ్చు.

మూడోది, అబూధాబీలో ఉన్న ఊరివాడి ద్వారా నేరుగా వీసా. ఆ మిత్రుడు మంచి మనసుతోనే తన కంపెనీలో మాట్లాడాడు. మేనేజరు సరేనన్నాడు. కానీ ఆ కంపెనీ ఈ-మైగ్రేట్‌లో నమోదు కాలేదు, ఒక్క మనిషి కోసం ఆ తతంగమంతా చేయడం మావల్ల కాదని కొన్ని వారాల తర్వాత తేల్చేసింది. ఇలాంటి చోట ముందు అడగాల్సింది "వీసా ఇస్తారా" అని కాదు, "ఈ-మైగ్రేట్‌లో ఉన్నారా" అని.

అడ్వాన్సు వసూలు

దీన్ని విడిగా చెప్పాలి. మొదట ఊరి పెద్దమనుషుల ముందు పంచాయితీ పెట్టారు. ఏజెంటు వచ్చాడు, మర్యాదగా మాట్లాడాడు, వీసాకు డబ్బు ఖర్చయిపోయిందన్నాడు, వెళ్లనని చెప్పింది ఈయనే కదా అన్నాడు. పెద్దమనుషులకు అది న్యాయంగానే తోచింది. వీసా అసలుదే, మనిషే పోనన్నాడు, మరి తప్పు ఎవరిది? మొదటి రోజు నన్ను అడిగిన ప్రశ్న ఎంత ప్రమాదకరమైనదో అక్కడ మళ్లీ కనిపించింది.

తర్వాత నేను ఒక ఫిర్యాదు ముసాయిదా తయారు చేశాను. అందులో మోసం అన్న మాట వాడలేదు, వీసా నకిలీ అని కూడా అనలేదు. లైసెన్సు లేని వ్యక్తి విదేశీ ఉద్యోగానికి మనిషిని కుదిర్చి డబ్బు తీసుకున్నాడు అన్న ఒక్క వాస్తవం మీదే నిలబెట్టాను. ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం కావడానికి ఆ ఒక్కటి చాలు, దానికి రెండేళ్ల దాకా జైలు ఉంది. వీసా మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి వెళ్తే ఏజెంటుకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. లైసెన్సు ఉందా లేదా అన్నదానికి ఒకటే జవాబు. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ కార్యాలయానికి, స్థానిక పోలీసులకు పంపబోయే ఆ కాగితం నకలు, ఫోన్‌పే చెల్లింపుల స్క్రీన్‌షాట్లతో కలిపి, ముందుగా ఏజెంటుకే చూపించాం. ముప్పై వేలు తిరిగి వచ్చాయి. చేతికిచ్చిన పది వేలు రాలేదు, వాటికి ఆధారం లేదు. ఫిర్యాదు దాఖలు చేయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయానికే వదిలాను. ఏజెంటు ఆ ఊరివాడే, ఇద్దరి పిల్లలు ఒకే బడికి వెళ్తారు. ఆయన వద్దన్నాడు. నాకు అది నచ్చలేదు, కానీ ఆ ఊళ్లో బతకాల్సింది నేను కాదు.

పని చేసిన దారి

ఈ-మైగ్రేట్‌లో లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా అందరికీ కనిపిస్తుంది. విదేశీ ఉద్యోగాలు చూపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా అడిగాం, అప్పటికి ఈ పనికి వారి దగ్గర ఖాళీలు లేవు. చివరికి లైసెన్సు ఉన్న ఒక ఏజెన్సీ స్టీల్ ఫిక్సర్ల కోసం ఇంటర్వ్యూలు పెడుతోందని తెలిసింది. వెళ్లే ముందు లైసెన్సు చెల్లుబాటు, కంపెనీ డిమాండ్ ఈ-మైగ్రేట్‌లో ఉందా అన్నవి చూసుకున్నాం. ట్రేడ్ టెస్టులో రాడ్లు కొలిచి, వంచి, కట్టి చూపించమన్నారు. అది ఆయనకు తెలిసిన పని.

రుసుము దగ్గర కొంత పెనుగులాట జరిగింది. ఏజెన్సీ మొదట అరవై వేలు అడిగింది. మన నిబంధన ప్రకారం ఏజెంటు తీసుకోగల గరిష్ఠ సేవా రుసుము ముప్పై వేలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రసీదు ఇస్తే బ్యాంకు ద్వారా ఈ మొత్తం కడతామని చెప్పించాను. ఒప్పుకున్నారు. యూఏఈ కార్మిక చట్టం నియామకపు ఖర్చులు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదని యజమానిని నిషేధిస్తుంది, మన నిబంధన మాత్రం ఏజెంటుకు ఇంత వరకు అనుమతిస్తుంది. ఈ రెండింటి మధ్య నలిగేది కార్మికుడే. ఈ రుసుమును పూర్తిగా యజమాని మీదకే మార్చాలన్నది నా అభిప్రాయం.

మోహ్రే ఆఫర్ వచ్చింది. దీని మీద మేము గడిపినంత సమయం ఇంకే కాగితం మీదా గడపలేదు. ఈ ఆఫర్ అరబిక్, ఇంగ్లీషులతో పాటు కార్మికుడికి తెలిసిన మరో భాషలో కూడా ఉండవచ్చు. ఆ భాషల్లో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. సౌదీలో గడిపినందువల్ల ఆయనకు హిందీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకే ప్రతి అంశాన్నీ తెలుగులో చెప్పి, ఆయన ఫోన్లోనే రికార్డు చేయించాను. తర్వాత ఎప్పుడైనా వినుకోవచ్చు, భార్య కూడా వినవచ్చు.

ఇంటర్వ్యూలో చెప్పిన జీతం 1,300 దిర్హమ్‌లు. ఆఫర్‌లో అది బేసిక్ 800, ఇతర అలవెన్సు 500 అని ఉంది. కూడితే అంతే కదా అని ఆయన అన్నాడు. కూడిక సరిపోయినా రెండు చోట్ల తేడా పడుతుంది. యూఏఈలో ఓవర్‌టైమ్‌ను బేసిక్ మీద లెక్కగట్టి పాతిక శాతం కలుపుతారు. నెలను 30 రోజులుగా, రోజును 8 గంటలుగా తీసుకుంటే 1,300 బేసిక్ మీద ఓవర్‌టైమ్ గంటకు సుమారు 6.77 దిర్హమ్‌లు, 800 మీద 4.17. నెలకు 52 గంటలు అదనంగా పని చేస్తే తేడా సుమారు 135 దిర్హమ్‌లు, అప్పటి మారకంలో మూడు వేల రూపాయలకు పైనే. ఇంటికి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే, మొదటి అయిదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున. రెండేళ్లకు అక్కడ మరో 700 దిర్హమ్‌ల తేడా.

ఇది చట్టవిరుద్ధం కాదు. కంపెనీలు అలా విడగొట్టవచ్చు. కాబట్టి ఇక్కడ మా ముందున్నది తప్పు పట్టడం కాదు, బేరం. బేసిక్ పెంచమని అడిగించాం, కంపెనీలో అందరికీ ఇదే పద్ధతి అన్నారు. వసతి, పనిచోటుకు రవాణా కంపెనీదేనని నోటితో చెప్పారు కదా, అది ఆఫర్‌లో రాయమని అడిగించాం. అది రాశారు. కాగితం మీద ఉన్న 1,300, నోటిమాటగా ఉన్న 1,500 రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఆయన సంతకం పెట్టాడు. బేసిక్ విషయంలో నాకు అసంతృప్తి ఉంది. కానీ తెలిసి ఒప్పుకున్న తక్కువ జీతం వేరు, అక్కడికి వెళ్లాక తెలిసే తక్కువ జీతం వేరు.

ఆ తర్వాత ఉద్యోగ ప్రవేశ అనుమతి వచ్చింది. మళ్లీ అవే మూడు ప్రశ్నలు ఆయనే వేసుకుని చూశాడు. పిలిచిన కంపెనీ పేరు ఆఫర్‌లోని పేరే. వృత్తి గడిలో స్టీల్ ఫిక్సర్ అనే ఉంది. ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ వచ్చాక అందులోని జీతం, పని ఆఫర్‌తో సరిపోయాయో లేదో చూశాం. బీమా పాలసీ రెండేళ్లకు తీశారు. ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో మరణిస్తే గానీ శాశ్వత వైకల్యం వస్తే గానీ పది లక్షలు. హైదరాబాద్‌లో ఒకరోజు ప్రయాణపూర్వ శిక్షణకు కూడా వెళ్లాడు. శంషాబాద్‌లో ఎవరూ ఆపలేదు.

అక్కడికి చేరాక వైద్య పరీక్ష, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ, కాంట్రాక్టు మీద సంతకం వరుసగా జరిగాయి. కాంట్రాక్టులో జీతం ఆఫర్‌లో ఉన్నదే. మొదటి జీతం, ప్రభుత్వం గమనించే వేతన రక్షణ వ్యవస్థ కార్డులో పడింది. పాస్‌పోర్టు మాత్రం కంపెనీ "భద్రంగా ఉంచుతాం" అని తీసుకుంది. యూఏఈలో యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం చట్టానికి విరుద్ధమని రికార్డింగులో ఉంది, ఆయనకు తెలుసు. క్యాంపులో అందరూ ఇచ్చారు కాబట్టి తానూ ఇచ్చానన్నాడు. ఒంటరిగా అడగడం కంటే, గదిలోని వాళ్లతో మాట్లాడి కలిసి అడగమని చెప్పాను. ఇది రాసే నాటికి అది తేలలేదు.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

వీసా ప్రింటు తెచ్చినవారికి "ఒరిజినల్" అన్న మాట నేను ఇప్పుడు ఒంటరిగా చెప్పను. సైటులో చూసి, అది ఎవరు ఇచ్చారు, దేనికి ఇచ్చారు అన్నవి చెప్పాకే చెల్లుబాటు సంగతి చెప్తాను. ఈ వరుస మార్చడం వల్ల వినేవారి నిర్ణయం మారడం చూశాను.

అప్పు వడ్డీని మొదటి రోజే అడుగుతున్నాను. వీసా గురించి వచ్చిన మనిషికి ఇది సంబంధం లేని ప్రశ్నలా అనిపిస్తుంది, కొందరు నొచ్చుకుంటారు కూడా. అయినా ఆయన ఎన్ని వారాలు ఆగగలడో తెలియకుండా ఏ దారి చూపాలో నిర్ణయించలేను. లైసెన్సు ఉన్న దారి ఈయనకు నాలుగు నెలలు పట్టింది. మూడు రూపాయల వడ్డీ మీద ఆయన ఆ నాలుగు నెలలు ఆగి ఉండేవాడని నేను అనుకోను.

డబ్బు చేతికి ఇవ్వవద్దని ఎప్పటి నుంచో చెప్తున్నాం, దానికి ఇప్పుడు ముప్పై వేలు వచ్చి పది వేలు రాని ఉదాహరణ ఉంది. ఏజెంటు బంధువు నంబరుకు పంపినా పరవాలేదు, ఆ నంబరు ఎవరిదో ఏజెంటు మెసేజ్‌లో ఒక్కసారి రాయించుకుంటే చాలు.

కాగితాల ఒక కట్ట ఇంట్లో ఉండాలన్నది చివరి మార్పు. ఈయన వెళ్లేటప్పుడు ఆఫర్, ప్రవేశ అనుమతి, క్లియరెన్స్, బీమా పాలసీ, ఏజెన్సీ రసీదు, పాస్‌పోర్టు నకళ్లు భార్య పేరున ఒక కవరులో పెట్టించాం. బీమాలో నామినీ ఆమే. పాలసీ నంబరు ఆమెకు తెలియకపోతే, అవసరమైన రోజున క్లెయిము అడగాల్సిన మనిషే అడగలేకపోతుంది. ఆమె ఆ నంబరును సంఘం లోను పాస్‌బుక్కు వెనుక పేజీలో రాసుకుంది. అదైతే నెలకోసారి తప్పకుండా తెరుస్తానని చెప్పింది.